బేస్ గిటార్‌కి బదులుగా చేశారు, ఫెయిల్ అయింది: టీబీ-303 కథ

ఈ ఎపిసోడ్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో వింటే సగం కథ వినపడదు. ఎందుకు వినపడదో కూడా మధ్యలో చెప్తాను.

మీ ఫీడ్‌లో ఎప్పుడో ఒకసారి ఈ ముక్క వచ్చే ఉంటుంది. "యాసిడ్ హౌస్ అనే మ్యూజిక్‌ని కనిపెట్టింది అమెరికావాళ్ళు కాదు, 1982లోనే ముంబైలో మనవాడు కనిపెట్టేశాడు" అని. చదవగానే ఛాతీ ఉప్పొంగుతుంది, ఒక షేర్ కొట్టేస్తాం. నా ఉద్దేశంలో ఆ మాట సగమే నిజం. ఆ మిగతా సగం ఏంటో తెలియాలంటే ముందు ఒక చిన్న వెండిరంగు డబ్బా గురించి తెలియాలి. దాని పేరు టీబీ-303. జపాన్‌లో రోలాండ్ అనే కంపెనీ 1981లో చేసింది. బేస్ గిటార్ వాయించే మనిషి దొరకనప్పుడు వాడుకోండి అని అమ్మింది. ఆ పనికి అది అస్సలు పనికిరాలేదు. పనికిరాకపోవడం వల్లే అది చరిత్రలో మిగిలింది. ఎలాగో చూద్దాం.

ముందు అసలు సింథ్‌లో బేస్ ఎలా పుడుతుందో చెప్పుకుందాం. ఇది అర్థమైతే మిగతా చరిత్ర తేలిక. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు ఊగుతుంది. అంటే 41 హెర్ట్జ్. కానీ ఆ తీగ 41 ఒక్కటే ఇచ్చి ఊరుకోదు. దాని రెట్లు కూడా ఇస్తుంది: 82, 123, 164, అలా పైపైకి. వీటినే హార్మోనిక్స్ అంటారు. కచేరీలు వినే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. తంబురా బాగా శ్రుతి చేసి మీటితే, ఎవరూ మీటని గాంధారం ఒకటి వినిపిస్తుంది. స్వయంభూ గాంధారం అంటారు దాన్ని. అది అయిదో హార్మోనిక్ అన్నమాట.

ఇప్పుడు ఫోన్ సంగతి. మీ ఫోన్ స్పీకర్ గోరంత ఉంటుంది. 41 హెర్ట్జ్‌ని కదిలించాలంటే బోలెడంత గాలిని తొయ్యాలి, దానివల్ల ఎక్కడవుతుంది? అయినా ఫోన్‌లో కూడా బేస్ లైన్ ట్యూన్ మనకి కొంచెం తెలుస్తుంది కదా. అది చెవి చేసే పని కాదు, మెదడు చేసే పని. 100, 150, 200 వినపడితే "ఓహో, వీటి కింద 50 ఉండి ఉంటుంది" అని మెదడు తనే లెక్కేసుకుంటుంది. కాబట్టి బేస్ డిజైన్ చేసేవాడి అసలు పని కింద ఉన్న ఆ లావు స్వరంతో కాదు, దాని పైన ఉన్న హార్మోనిక్స్‌తో. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

సింథ్‌లో తీగ ఉండదు. ఆసిలేటర్ అనే సర్క్యూట్ ఉంటుంది. అందులో కరెంటు రంపపు పళ్ళ ఆకారంలో పైకీ కిందకీ పోతుంటే అన్ని హార్మోనిక్సూ వస్తాయి. గరగరలాడుతూ, మొరటుగా ఉంటుంది. చదరపు ఆకారంలో అయితే బేసి సంఖ్య హార్మోనిక్స్ మాత్రమే వస్తాయి, కొంచెం బోలుగా, క్లారినెట్‌లా ఉంటుంది. సైన్ వేవ్ అయితే హార్మోనిక్స్ ఏమీ ఉండవు, ఉత్త అడుగు స్వరమే. ఫోన్‌లో ఉత్త సైన్ బేస్ పెడితే ఏమీ వినపడదు, పాట ఆగిపోయిందేమో అనుకుంటారు.

ఈ పచ్చి శబ్దం అలాగే వింటే కాసేపటికి చిరాకొస్తుంది. అందుకే దాన్ని ఫిల్టర్‌లోంచి పోనిస్తారు. జల్లెడలాంటిదే. కటాఫ్ అనే నాబ్ తిప్పితే "ఇంతకన్నా పైనున్న హార్మోనిక్స్ వద్దు" అని కోసేస్తుంది. రెజొనెన్స్ అని ఇంకో నాబ్ ఉంటుంది. అది సరిగ్గా ఆ కోత దగ్గరున్న హార్మోనిక్‌ని మాత్రం ఉబ్బించి ముందుకు తోస్తుంది. అర్థం కాలేదా? మీ నోట్లోనే ఈ మెషీన్ ఉంది. ఒకే శ్రుతిలో "ఊ" అనండి. శ్రుతి మార్చకుండా మెల్లగా "ఊ... ఆ... ఈ" అనండి. (వీడియోలో ఇక్కడ చేసి చూపించాను, కొంచెం నవ్వొస్తుంది, సర్దుకోండి.) గొంతులో స్వరం ఒక్కటే. మారింది నోటి ఆకారం. అంటే ఫిల్టర్. మీరిప్పుడు చేసింది సౌండ్ డిజైనే.

చివరగా ఎన్వలప్. ప్రతి నోటుకీ ఆ ఫిల్టర్ ఎంత వేగంగా తెరుచుకుని ఎంత వేగంగా మూసుకోవాలో అది చెప్తుంది. ఠక్కున మూసుకుంటే "డుం". మెల్లగా మూసుకుంటే "బ్యావ్". ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్. ఈ మూడే. గత యాభై ఏళ్ళలో వచ్చిన సింథ్ బేస్‌లలో చాలా భాగం ఈ మూడింటి మీద ఆడిన ఆటలే.

ఇక చరిత్రలోకి. 1970లో అమెరికాలో రాబర్ట్ మూగ్ కంపెనీ మినీమూగ్ అనే సింథ్ తెచ్చింది. అంతకుముందు సింథ్ అంటే గోడంత బీరువా, నిండా వైర్లు. ఇది ఒక మనిషి మోసుకెళ్ళగలిగే సైజు. మూడు ఆసిలేటర్లు, వాటి వెనక మూగ్ పేటెంట్ తీసుకున్న ల్యాడర్ ఫిల్టర్. మూడు ఆసిలేటర్లనీ ఒకే స్వరంలో పెట్టి, వెంట్రుకవాసి తేడాగా శ్రుతి చేస్తే ఆ శబ్దానికి వచ్చే బలం మామూలుది కాదు. 1977లో పార్లమెంట్ అనే ఫంక్ బ్యాండ్ "ఫ్లాష్ లైట్" అనే పాట చేసింది. ఆ బ్యాండ్‌లో బూట్సీ కాలిన్స్ ఉన్నాడు, ప్రపంచంలోని గొప్ప బేస్ గిటారిస్టుల్లో ఒకడు. అయినా ఆ పాటలో బేస్ లైన్‌ని కీబోర్డు వాయించే బెర్నీ వొరెల్ మినీమూగ్ మీద వాయించాడు. పక్కన అంత ఆటగాడిని పెట్టుకుని మెషీన్‌తో వాయించారంటే, అప్పటికే సింథ్ బేస్ "గిటార్ లేదు కాబట్టి సర్దుకుపోదాం" అనే దశ దాటేసింది. అది దానంతటదే ఒక వాయిద్యం.

అదే 1977లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఇంకోటి జరిగింది. జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ కలిసి డోనా సమ్మర్ పాడిన "ఐ ఫీల్ లవ్" చేశారు. ఇందులో గొంతు, కిక్ డ్రమ్ తప్ప దాదాపు అంతా పెద్ద మూగ్ మాడ్యులర్ నుంచి వచ్చిందే. కిక్ మాత్రం డ్రమ్మర్ కీత్ ఫోర్సీ కాలితోనే వాయించాడు. బేస్‌ని సీక్వెన్సర్ వాయించింది, అంటే మనిషి చెయ్యి లేదు. ఆ మూగ్‌కి ఒక రోగం ఉండేది: కాసేపటికే శ్రుతి జారిపోయేది. అందుకని చిన్నచిన్న ముక్కలుగా రికార్డ్ చేసి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ రికార్డ్ చేశారు. ఇంకో కిటుకు కూడా ఉంది. బేస్‌లోని ప్రతి నోటుకీ ఒక ప్రతిధ్వని కలిపి, అసలుది ఒక చెవికి, ప్రతిధ్వని ఇంకో చెవికి ఇచ్చారు. ఇయర్‌ఫోన్స్‌లో వింటే బేస్ అటూ ఇటూ గెంతుతున్నట్టు ఉంటుంది. ఈ రోజు ఎవరైనా కుర్రాడు ల్యాప్‌టాప్‌లో బేస్ లైన్ మీద డిలే వేస్తున్నాడంటే, తెలిసో తెలియకో ఆ పాట దారిలోనే నడుస్తున్నాడు.

ఇప్పుడు మన డబ్బా దగ్గరికి వద్దాం. రోలాండ్‌ని ఇకుతారో కకెహాషి 1972లో ఒసాకాలో మొదలుపెట్టాడు. టీబీ-303 ని డిజైన్ చేసింది ఆ కంపెనీ ఇంజనీర్ తదావో కికుమోతో. టీబీ అంటే ట్రాన్సిస్టర్ బేస్. టీఆర్-606 అనే డ్రమ్ మెషీన్‌కి జత అది. ఊహించుకోండి: ఒక గిటారిస్ట్ ఇంట్లో ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకుంటున్నాడు, డ్రమ్మర్ లేడు, బేస్ వాయించేవాడు లేడు. ఈ రెండు డబ్బాలు పక్కన పెట్టుకుంటే బ్యాండ్ రెడీ. ఐడియా బాగుంది. ధర అమెరికాలో దాదాపు 400 డాలర్లు.

లోపల ఒకే ఒక్క ఆసిలేటర్. రంపం లేదా చదరం, ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఒక ఫిల్టర్. పైన ఆరు చిన్న నాబ్‌లు: ట్యూనింగ్, కటాఫ్, రెజొనెన్స్, ఎన్వలప్ ఫిల్టర్‌ని ఎంత కదపాలో చెప్పేది ఒకటి, డికే, యాక్సెంట్. కింద పియానో మెట్లలా కనిపించే బటన్లు. ఒక ప్యాటర్న్‌లో పదహారు అడుగులు పెట్టుకోవచ్చు.

అసలు తలనొప్పి ప్రోగ్రామింగ్. స్వరాలు ఒకసారి విడిగా ఎక్కించాలి. తర్వాత ఇంకో మోడ్‌లోకి వెళ్ళి ఏ స్వరం ఎప్పుడు రావాలి, ఎక్కడ ఆగాలి అనేది మళ్ళీ విడిగా ఎక్కించాలి. పాట సాహిత్యం ఒక కాగితం మీద, తాళం ఇంకో కాగితం మీద రాసి, రెండూ కలిపి తప్పులేకుండా పాడమన్నట్టు. ఎక్కడో ఒక అడుగు తప్పితే మొత్తం పక్కకి జరిగిపోయేది. పైగా బ్యాటరీలు అయిపోతే మెమరీలో ఉన్నది గల్లంతు.

ఇంత కష్టపడి చేస్తే వచ్చే శబ్దం ఎలా ఉంది? బేస్ గిటార్‌లా మాత్రం లేదు. గొంతు పట్టేసిన రోబోట్‌లా "క్వీక్, క్వాక్" అంటోంది. గిటారిస్టులు కొనలేదు, కొన్నవాళ్ళు అటక మీద పెట్టేశారు. 1984లో రోలాండ్ తయారీ ఆపేసింది. మొత్తం మీద బయటికొచ్చినవి దాదాపు 10,000. అవి సెకండ్ హ్యాండ్ షాపుల్లో, తాకట్టు దుకాణాల్లో దుమ్ము కొట్టుకుంటూ చవగ్గా దొరికేవి.

చవగ్గా దొరికేవాటిని ఎవరు కొంటారు? చేతిలో డబ్బు లేనివాళ్ళు. అమెరికాలో షికాగో నగరానికి వెళ్దాం. 1979 జులై 12న అక్కడి బేస్‌బాల్ స్టేడియంలో ఒక రేడియో జాకీ పిలుపుతో జనం డిస్కో రికార్డులు తెచ్చి కుప్ప పోశారు, దాన్ని పేల్చేశారు. ఆ తర్వాత జనం మైదానంలోకి దూసుకొచ్చి నానా రభసా చేశారు. డిస్కో నల్లజాతివాళ్ళు, లాటినోలు, గే కమ్యూనిటీవాళ్ళు ప్రాణంగా చూసుకున్న మ్యూజిక్. కాబట్టి కాలింది రికార్డులే అయినా, ఆ మంట ఎవరికి తగిలిందో మీరే ఊహించండి. పెద్ద కంపెనీలు డిస్కోని వదిలేశాయి. కానీ అదే ఊళ్ళో వేర్‌హౌస్ అనే క్లబ్‌లో ఫ్రాంకీ నకల్స్, తర్వాత మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్‌లో రాన్ హార్డీ డాన్స్ ఆగనివ్వలేదు. కొత్త డిస్కో రికార్డులు రావట్లేదు, బ్యాండ్ పెట్టుకునే డబ్బు లేదు. అందుకని కుర్రాళ్ళు పాత డ్రమ్ మెషీన్లతో తామే పాటలు చేసుకోవడం మొదలుపెట్టారు. దానికే హౌస్ అని పేరొచ్చింది.

ఆ కుర్రాళ్ళలో ముగ్గురు: డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే. బ్యాండ్ పేరు ఫ్యూచర్. స్పాంకీ దగ్గరికి ఒక సెకండ్ హ్యాండ్ 303 వచ్చింది. దాన్ని ఎలా ప్రోగ్రామ్ చెయ్యాలో వాళ్ళకి తెలియదు. ఆన్ చేస్తే ఏదో ఒక పిచ్చి ప్యాటర్న్ తిరుగుతోంది. స్పాంకీ దాని కింద డ్రమ్స్ పెట్టాడు. పియర్ ఊరికే ఉండలేక నాబ్‌లు తిప్పడం మొదలుపెట్టాడు. కటాఫ్ మెల్లగా పైకి, రెజొనెన్స్ ఫుల్‌గా. డబ్బా కేకలు పెట్టింది, బుడగలు కక్కింది, మూలిగింది. తిప్పుతూనే ఉండమన్నారు మిగతా ఇద్దరూ. ఈ సంగతంతా పియర్ తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

టేప్ తీసుకెళ్ళి రాన్ హార్డీకి ఇచ్చారు. పియర్ చెప్పేదాని ప్రకారం ఆ రాత్రి మొదటిసారి వేస్తే ఫ్లోర్ ఖాళీ అయింది. హార్డీ పట్టు వదల్లేదు, అదే రాత్రి మళ్ళీ వేశాడు, మళ్ళీ వేశాడు. నాలుగోసారికి జనానికి పూనకం వచ్చింది. పేరు తెలియని ఆ టేప్‌ని జనమే "రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్" అని పిలిచారు. 1987లో ట్రాక్స్ రికార్డ్స్ దాన్ని "యాసిడ్ ట్రాక్స్" పేరుతో విడుదల చేసింది. పదకొండు నిమిషాల పైనే ఉంటుంది. అందులో పాట లేదు, స్వరాల మార్పు లేదు. ఒకే ప్యాటర్న్ తిరుగుతూ ఉంటుంది. మారేది ఫిల్టర్ ఒక్కటే.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఈ ఎపిసోడ్‌లో ముఖ్యమైన విషయం ఇదే. అంతవరకూ బేస్ అంటే ఏ స్వరం వాయిస్తున్నాం అనేదే ప్రధానం. శబ్దాన్ని ముందే డిజైన్ చేసుకుని పెట్టుకుంటారు, తర్వాత దాంతో ట్యూన్ వాయిస్తారు. వీళ్ళు తిరగేశారు. ట్యూన్ కదలదు, శబ్దం కదులుతుంది. ఇందాక మీరు ఒకే శ్రుతిలో "ఊ... ఆ... ఈ" అన్నారే, సరిగ్గా అది. డిజైన్ చెయ్యడమే వాయించడం అయిపోయింది.

ఇంకో రెండు బటన్ల గురించి చెప్పకపోతే 303కి అన్యాయం చేసినట్టే. ఒకటి స్లైడ్. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతకుండా జారుతుంది. మన సంగీతంలో జారు గమకం ఉంది చూడండి, దానికి దూరపు చుట్టం. రెండోది యాక్సెంట్. ఏ అడుగు మీద యాక్సెంట్ పెడితే ఆ నోటు కేవలం గట్టిగా రావడం కాదు, ఫిల్టర్ కూడా మిగతావాటికన్నా ఎక్కువ తెరుచుకుంటుంది. వరసగా రెండు మూడు యాక్సెంట్లు పడితే ఒకదాని మీద ఒకటి పేరుకుని ఇంకా పైకి లేస్తుంది. మనిషి కోపంలో గొంతు పెంచినట్టు. ఆ నాబ్‌లలో చాలావాటిని తిప్పితే మిగతావాటి ప్రవర్తన కూడా మారుతుంది. అందుకే "రంపం వేవ్, ఒక ఫిల్టర్, అంతే కదా, ఏ సింథ్‌లో అయినా చేసెయ్యొచ్చు" అని మొదలుపెట్టినవాళ్ళు చాలామంది బోర్లాపడ్డారు.

బ్రిటన్‌లో జరిగింది మూడు ముక్కల్లో చెప్తాను. షికాగో రికార్డులు లండన్ చేరాయి, 1987 చివర్లో షూమ్ లాంటి క్లబ్‌లు మొదలయ్యాయి, 1988 ఎండాకాలానికి దేశమంతా పసుపు స్మైలీ బొమ్మల టీషర్టులు. డ్రగ్స్ కూడా వచ్చాయి, అది దాచాల్సిన పని లేదు, పత్రికలు గగ్గోలు పెట్టాయి. పొలాల్లో, ఖాళీ గోడౌన్లలో రాత్రంతా పార్టీలు. చివరికి 1994లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. అందులో పోలీసులు ఆపగల మ్యూజిక్ ఏదో చెప్పడానికి, పదే పదే వచ్చే బీట్లున్న శబ్దాలు అనే అర్థంలో నిర్వచనం రాశారు. తిరిగే బీట్‌ని చట్టంలోకి ఎక్కించారు చూడండి!

సరే, ఇప్పుడు ముంబై. చరణ్‌జిత్ సింగ్ హిందీ సినిమాలకి వాయించే సెషన్ మ్యుజీషియన్. స్టీల్ గిటార్, కీబోర్డులు వాయించేవారు. ఆర్.డి.బర్మన్ లాంటి వాళ్ళ పాటల రికార్డింగుల్లో పనిచేశారు. 1980లో "ఖుర్బానీ", 1982లో "డిస్కో డాన్సర్" వచ్చాయి, దేశమంతా డిస్కో ఊపు. ఆ ఊపులో 1982లో ఆయన ఒక ఆల్బమ్ రికార్డ్ చేశారు: "టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్". హెచ్‌ఎంవీ విడుదల చేసింది. వాడినవి మూడే మూడు: రోలాండ్ జూపిటర్-8 కీబోర్డు, టీఆర్-808 డ్రమ్ మెషీన్, మన టీబీ-303. పది రాగాలు. లలిత్, భూపాలి, తోడి, యమన్, మాల్కౌంస్ అలా. మనకి తెలిసిన పేర్లలో చెప్పాలంటే భూపాలి దాదాపు మన మోహనం, మాల్కౌంస్ మన హిందోళం, యమన్ మన కళ్యాణికి దగ్గర.

ఆల్బమ్ అమ్ముడుపోలేదు. అందరూ మర్చిపోయారు. తర్వాత ఒక డచ్ రికార్డుల సేకరణకర్త చేతికి దొరికి, 2010లో మళ్ళీ విడుదలైంది. విన్నవాళ్ళకి మతిపోయింది. ఇది షికాగో కన్నా అయిదేళ్ళ ముందుదా! కొంతమంది నమ్మలేదు కూడా, ఎవరో ఇప్పటి కుర్రాడు చేసి పాతదని అమ్ముతున్నాడేమో అని అనుమానపడ్డారు. కాదు, నిజంగానే 1982. డెబ్బై దాటాక ఆయన యూరప్ వెళ్ళి వేదికలెక్కి అవే రాగాలు వాయించారు. 2015లో చనిపోయారు.

ఇక ఆ "మనవాడే కనిపెట్టాడు" అనే మాట. తేదీ పరంగా చూస్తే నిజమే, 1982 ముందు, 1987 తర్వాత. కానీ ఆ ఆల్బమ్‌ని షికాగో కుర్రాళ్ళు విన్నారనడానికి ఆధారం లేదు. ఇక్కడే ఎవరూ కొనలేదు, అక్కడికెలా వెళ్తుంది? దాని నుంచి వేరే పాట పుట్టలేదు, ఎవరూ దాన్ని పట్టుకుని ముందుకి తీసుకెళ్ళలేదు. హౌస్ అనేది ఒక డబ్బా శబ్దం మాత్రమే కాదు. రికార్డులు తగలబెట్టిన ఊళ్ళో మళ్ళీ డాన్స్ ఫ్లోర్ కట్టుకున్న జనం కథ అది. "ముందు మేమే" అని వాళ్ళ చేతిలోంచి లాక్కోవడం నాకు నచ్చదు. వాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

అంతకన్నా ముఖ్యం, అలా అనడంవల్ల చరణ్‌జిత్ సింగ్‌కే నష్టం. ఆయన చేసింది ఏంటో మనం వినకుండా పోతాం. రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి వినండి. ఫ్యూచర్‌లో 303 ఒక్కటే హీరో, ఫిల్టర్ తిప్పడమే కథ. సింగ్ గారి ఆల్బమ్‌లో 303 కింద ఉండి తిరుగుతుంటుంది, పైన జూపిటర్-8 మీద ఆయన చేత్తో రాగం వాయిస్తుంటారు. అలా ఎందుకు పెట్టారో ఆలోచించండి. స్వరాలు మారని బేస్ ప్యాటర్న్ పాశ్చాత్య పాటకి విసుగు. వాళ్ళకి కార్డ్స్ మారాలి, బేస్ వాటి వెంట నడవాలి. మనకి? కింద శ్రుతి కదలకుండా ఉండటమే కదా అలవాటు! గిటారిస్టులకి లోపంగా కనిపించింది ఆయనకి తంబురాలా వినిపించి ఉంటుందని నా ఊహ. పక్కన ఆ స్లైడ్ కూడా ఉంది. ఆ డబ్బాకి సరిపోయే సంగీతం మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది, సింగ్ గారు రెండింటినీ కలిపారు. దీన్ని యాసిడ్ హౌస్ అనక్కర్లేదు. దాని పేరు దానికి ఉంది, ఆల్బమ్ కవర్ మీదే రాసి ఉంది.

303 తర్వాత బేస్ కథ ఆగిపోలేదు. ఒక్కటి మాత్రం చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఈ శబ్దం మీరు రోజూ వింటున్నారు. 1988లో డెట్రాయిట్‌లో కెవిన్ సాండర్సన్, రీస్ అనే పేరుతో "జస్ట్ వాంట్ అనదర్ ఛాన్స్" అనే ట్రాక్ చేశాడు. కాసియో సీజెడ్-5000 అనే కీబోర్డు మీద. అందులో బేస్ మసకగా, లోపల ఏదో సుళ్ళు తిరుగుతున్నట్టు ఉంటుంది. కిటుకు చిన్నదే. రెండు ఆసిలేటర్లని కొంచెం శ్రుతి తేడాతో పెట్టడం. ఒకటి 50 హెర్ట్జ్, ఇంకోటి 50.5 అనుకోండి. రెండూ కలిస్తే రెండు సెకన్లకోసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. కానీ పదో హార్మోనిక్ దగ్గర అవే 500, 505 అవుతాయి. అక్కడ సెకనుకి అయిదుసార్లు ఉబ్బుతుంది. అంటే ప్రతి హార్మోనిక్ దాని సొంత వేగంలో ఊగుతుంది. అడుగున నెమ్మదిగా, పైన గబగబా. ఆ సుడి అదన్నమాట. ఇంగ్లండ్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ చేసేవాళ్ళు దీన్ని శాంపిల్ చేసుకుని, దానికి రీస్ బేస్ అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ చేసిన యాక్షన్ ట్రైలర్ అయినా, అందులో దీని చుట్టాలే వినిపిస్తుంటాయి.

303 సంగతికొస్తే, పాత డబ్బాలు ఇప్పుడు మామూలువాళ్ళు కొనలేనంత ఖరీదు. 1997లో స్వీడన్‌లోని ప్రొపెల్లర్‌హెడ్ కంపెనీ రీబర్త్ అనే సాఫ్ట్‌వేర్ చేసింది. స్క్రీన్ మీద రెండు 303లు, ఒక 808. కంప్యూటర్లో పాత సింథ్‌ని ఉన్నదున్నట్టు దింపిన మొదటి ప్రయత్నాల్లో అది పేరున్నది. తర్వాత ఐప్యాడ్ యాప్ కూడా వచ్చింది, కానీ 2017లో రోలాండ్ అభ్యంతరం చెప్పడంతో తీసేశారు. 1984లో ఎవరికీ అక్కర్లేదని తయారీ ఆపిన డబ్బా బొమ్మ కోసం 2017లో హక్కుల గొడవ! 2016లో రోలాండే టీబీ-03 పేరుతో దాన్ని చిన్న సైజులో మళ్ళీ తెచ్చింది. 2019లో బెరింగర్ చవకరకం టీడీ-3 తెచ్చింది.

మీకు డబ్బా అక్కర్లేదు. ఫోన్‌లో ఏదో ఒక ఉచిత సింథ్ యాప్ తీసుకోండి. ఒక ఆసిలేటర్, రంపం వేవ్. పదహారు అడుగుల ప్యాటర్న్‌లో రెండు మూడు స్వరాలు చాలు. కుదిరితే హిందోళం స్వరాలు, స గ మ ద ని, తీసుకోండి. రెండు చోట్ల స్లైడ్, మూడు చోట్ల యాక్సెంట్. రెజొనెన్స్ ముప్పావు వంతు. కటాఫ్ పూర్తిగా కిందకి దించి ప్లే నొక్కండి. ఇప్పుడు కటాఫ్‌ని ఒక నిమిషం పాటు, తొందరపడకుండా, పైకి తిప్పండి. చివర్లో కొంచెం డిస్టార్షన్ కలపండి, కొత్త హార్మోనిక్స్ పుడతాయి, అప్పుడు ఇయర్‌ఫోన్స్ తీసేసి ఫోన్ స్పీకర్‌లో విన్నా బేస్ తెలుస్తుంది. అడుగున ఇంకా బరువు కావాలంటే అదే ప్యాటర్న్‌ని ఒక స్థాయి కింద సైన్ వేవ్‌తో జతచెయ్యండి, దానికి మాత్రం స్లైడ్ తప్ప ఏమీ కలపొద్దు. పక్కింటివాళ్ళు తలుపు కొడితే నాకు సంబంధం లేదు.

చేసింది కామెంట్స్‌లో లింక్ పెట్టండి, వింటాను. వచ్చే ఎపిసోడ్ 808 కిక్ గురించి. ఉంటాను ఫ్రెండ్స్.